నెత్తురా, పాన్ మరకా?

పోయిన నెల ఈ శీర్షికలో పెళ్లి ఫొటోల పాత నెగెటివ్‌లకు బూజు పట్టకుండా ఎలా దాచుకోవాలో రాశాను. రాస్తూ రాస్తూ, ఒకప్పుడు పోలీసులు పిలిస్తే హత్య జరిగిన చోటికి వెళ్లి ఫొటోలు తీసేవాణ్నని ఒక వాక్యం జారవిడిచాను. తప్పు నాదే. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో బూజు గురించి అడిగినవి మూడు. మిగిలినవన్నీ హత్యల గురించే. అందుకని ఈసారికి బూజును పక్కన పెట్టాను.

నేను పోలీసును కాను. నల్లగొండ గడియారం సెంటరు దగ్గర 1978లో స్టూడియో పెట్టాను. పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పెళ్లిళ్లు, పిల్లల పుట్టినరోజులు, ఇదే నా బతుకు. నేరం జరిగిన చోట ఆధారాలు సేకరించే క్లూస్ టీం అనే మాట మా వైపు వినబడక ముందు, ఎక్కడైనా హత్య జరిగితే ఎస్సై గారి జీపు స్టూడియో ముందు ఆగేది. పల్లెల్లో ముసలివాళ్లు ఎస్సైని ఇంకా అమీన్ సాబ్ అని పిలిచే రోజులు. ఎక్కడికి, ఎందుకు అన్నది జీపు ఎక్కాకే తెలిసేది. అలా ఇరవై రెండేళ్లు గడిచాయి. ఇక ఉత్తరాలు.

ప్రశ్న: తాతా, పేరుమోసిన హత్య కేసుల ఫొటోలు ఫోనులో వెతికి చూడటం నాకు అలవాటైపోయింది. జాక్ ది రిప్పర్, బ్లాక్ డాలియా, ఇంకా ఎన్నో. రాత్రి రెండు గంటల దాకా చూస్తున్నాను. తర్వాత నిద్ర పట్టదు. నాలో ఏదైనా లోపం ఉందా?
— డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

జవాబు: లోపం లేదు బిడ్డా. నేను వెళ్లిన ప్రతి చోటా శవం దగ్గర నలుగురు ఉంటే, గెట్టు మీద నాలుగు వందల మంది ఉండేవారు. పొయ్యి మీద కూర వదిలేసి వచ్చినవాళ్లు, చంకలో పిల్లలతో వచ్చినవాళ్లు. నువ్వు ఆ గెట్టు మీద నిలబడ్డావు, అంతే. కాకపోతే గెట్టు మీది జనం పొద్దు గూకితే ఇళ్లకు పోయేవారు. నీ ఫోనులో పొద్దు గూకదు.

న్యూయార్కులో వీజీ అనే మారుపేరుతో ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. కారులో పోలీసు రేడియో పెట్టుకొని, ఒక్కోసారి పోలీసులకన్నా ముందే శవం దగ్గరికి చేరేవాడు. 1941లో బ్రూక్లిన్‌లో ఒకణ్ని నడివీధిలో కాల్చి చంపితే, వీజీ కెమెరాను శవం వైపు కాకుండా చూస్తున్నవాళ్ల వైపు తిప్పాడు. అప్పుడే బడి వదిలారు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి తొంగి చూస్తున్నారు. కొందరి ముఖాల్లో నవ్వు కూడా ఉంది. మధ్యలో ఒక ఆడమనిషి ఏడుస్తోంది. నువ్వు ఎన్ని శవాల ఫొటోలు చూశావో నాకు తెలియదు కానీ, ఆ ఒక్క ఫొటో చూడు. అందులో నువ్వూ కనబడతావు, నేనూ కనబడతాను.

బ్లాక్ డాలియా అన్నావు. ఆ అమ్మాయి పేరు ఎలిజబెత్ షార్ట్, వయసు 22. 1947 జనవరి 15న లాస్ ఏంజెలెస్‌లో ఒక ఖాళీ స్థలంలో దొరికింది. అప్పటి పత్రికలు ఫొటో వేశాయి కానీ, శరీరం మీద దుప్పటి కప్పినట్టు బ్రష్షుతో దిద్ది, ముఖం మీది గాయాలను చెరిపి మరీ వేశాయి. ఆ పత్రికలవాళ్లు పుణ్యాత్ములేమీ కాదు, ఆమె మీద అల్లని కథ లేదు. అయినా ఆ దుప్పటి వాళ్లకు తోచింది. డెబ్బై ఏళ్ల తర్వాత నీ ఫోను ఆ దుప్పటిని లాగేసింది.

మానెయ్యమని చెబితే మానవని నాకు తెలుసు. చూడాలనిపిస్తే నేను చూసినట్టు చూడు. నేను గుమ్మం దగ్గర మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిశలో గది అంతా చూసేవాణ్ని. గోడ, మేకు, మేకుకు వేలాడే చొక్కా, చొక్కా జేబు, కిటికీ చిలుకు, నీళ్ల కుండ. శవం చివరన. లండనులో ఎన్నటికీ పట్టుబడని హంతకుడు జాక్ ది రిప్పర్ చంపినవాళ్లుగా చెప్పే అయిదుగురిలో, పడి ఉన్న చోటే ఫొటో తీసింది మేరీ కెల్లీ ఒక్కదాన్నే. 1888 నవంబరు 9. మిగతా నలుగురినీ శవాగారానికి తీసుకుపోయాకే తీశారు. ఆమె గది అద్దె 29 షిల్లింగులు బాకీ. అద్దె అడగడానికి వచ్చిన మనిషి తలుపు కొట్టి, పలకకపోతే, పగిలిన కిటికీ అద్దంలోంచి చెయ్యి పెట్టి తెర పక్కకు తీశాడు. నీకు ఆ మంచం మీది దృశ్యం గుర్తుంది కదా, ఆ అద్దె బాకీ సంగతి తెలుసా? దాన్ని తలచుకుంటే ఆ ఫొటో ఇంకోలా కనబడుతుంది. అద్దె కట్టలేని ఒక ఆడమనిషి గది అది.

రాత్రి రెండింటికి మాత్రం చూడకు. రెండింటికి బత్తాయిల ధరల పట్టిక చూసినా నిద్ర రాదు.

ప్రశ్న: అన్నా, నాది చిన్న స్టూడియో. మొన్న మా ఎస్సై గారు ఫోను చేసి, అవసరం పడితే రావాలని అడిగారు. ఇప్పటిదాకా పెళ్లిళ్లు తప్ప ఏమీ తీయలేదు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
— స్టూడియో నడుపుకునే పాఠకుడు, అచ్చంపేట

జవాబు: తమ్ముడూ, మొదట జేబుల్లో చేతులు పెట్టుకో. ఇది నన్ను మొదటిసారి తీసుకుపోయిన హెడ్ కానిస్టేబుల్ చెప్పిన మాట. పెళ్లిలో మనకు దండ సరిచేయడం, కొంగు సర్దడం, పళ్లెం జరపడం అలవాటు. ఆ అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది. ఏదీ జరపకు. అడ్డంగా ఉన్న గడ్డిపోచను కూడా.

తర్వాత, నీకన్నా ముందు ఎవరెవరు లోపలికి వెళ్లారో, ఏ దారిన వెళ్లారో అడిగి నువ్వూ ఆ దారినే వెళ్లు. మూడు దూరాలు గుర్తుపెట్టుకో. దూరం నుంచి మొత్తం చోటు: దారి, చెట్టు, ఇల్లు, కరెంటు స్తంభం నంబరు. నడిమి దూరం నుంచి వస్తువుకూ చుట్టూ ఉన్నవాటికీ సంబంధం. దగ్గరి నుంచి వస్తువు ఒక్కటే. దగ్గరిది తీసినప్పుడు రెండుసార్లు తియ్యాలి. ఒకటి ఉన్నది ఉన్నట్టు, రెండోది పక్కన స్కేలు పెట్టి. మొదటిది ఎందుకంటే, స్కేలు కింద ఏదో దాచారని రేపు ఎవరూ అనకుండా.

ఆ స్కేలు గురించి నా అవమానం చెప్పనీ. తొలిరోజుల్లో నేను కొలతకు అగ్గిపెట్టె పెట్టేవాణ్ని. అడుగుజాడ పక్కన అగ్గిపెట్టె, గొడ్డలి పక్కన అగ్గిపెట్టె. కోర్టులో డిఫెన్సు వకీలు జేబులోంచి మూడు అగ్గిపెట్టెలు తీసి బల్ల మీద వరుసగా నిలబెట్టాడు. మూడూ మూడు సైజులు. ‘వీటిలో మీది ఏది?’ అన్నాడు. జడ్జి గారు కూడా నవ్వారు. ఆ సాయంత్రమే ప్రకాశం బజారులో బడిపిల్లల చెక్క స్కేలు కొన్నాను. ఇప్పుడు ఎల్ ఆకారంలో, మూలల్లో గుండ్రటి గుర్తులు ఉండే స్కేళ్లు దొరుకుతున్నాయి. కెమెరా కాస్త వంకరగా పట్టినా ఆ గుండ్రాలు కోడిగుడ్డులా సాగి దొంగను పట్టిస్తాయి. ఒకటి కొని బ్యాగులో వేసుకో.

అడుగుజాడను ఏటవాలుగా ఎప్పుడూ తియ్యకు. స్టాండు వేసి, లెన్సు నేలకు తిన్నగా చూసేలా పెట్టు. జాడ ఎంత లోతులో ఉందో స్కేలు కూడా అంత లోతులో ఉండాలి. ఫ్లాష్ కెమెరా మీదే ఉంటే మట్టి పలకలా చదునైపోతుంది, గీతలు కనబడవు. టార్చి లైటును నేలకు ఆనించినట్టు పక్క నుంచి పట్టు. ఒక్కో పక్క నుంచి ఒక్కో ఫొటో. మన మిట్టమధ్యాహ్నపు ఎండలో అయితే గొడుగుతో నీడ చేసి, అప్పుడు టార్చి పట్టు. ఎర్ర చెలకలో చెప్పు అడుగున అరిగిన మడమ కూడా ఎలా లేచి వస్తుందో చూస్తావు.

పై నుంచి కూడా ఒకటి తియ్యి. పారిస్‌లో బెర్టిలాన్ అనే పోలీసు అధికారి ఉండేవాడు. నిందితులను ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీసే పద్ధతికి ఒక క్రమం పెట్టింది ఆయనే. ఆయన మనిషి ఎత్తుకు మించిన స్టాండు మీద కెమెరాను తలకిందులుగా వేలాడదీసి, శవాన్ని పై నుంచి తీయించేవాడు. ఆ ఫొటోకు చుట్టూ కొలతలు అచ్చువేసిన చట్రం ఉండేది, దాన్ని బట్టి గదిలో దూరాలు లెక్కగట్టవచ్చు. నాకు ఆ స్టాండు లేదు. ఎడ్లబండి ఎక్కాను, గడ్డివాము ఎక్కాను, ఒకసారి కానిస్టేబుల్ భుజాల మీద కూడా ఎక్కాను. చివరిదాని గురించి ఆయన ఇంకా దెప్పుతుంటాడు.

మూసిన తలుపు కనబడితే అడుగు. 2008లో నోయిడా జంట హత్యల కేసు గుర్తుండే ఉంటుంది. మే 16 ఉదయం అమ్మాయి శవం గదిలో కనబడింది. పనివాడే చంపి పారిపోయాడని అందరూ అనుకున్నారు. మేడ మీది తలుపుకు తాళం ఉంది, తాళంచెవి దొరకలేదు, ఆ రోజు ఎవరూ తెరవలేదు. మర్నాడు తెరిస్తే ఆ పనివాడి శవం అక్కడే ఉంది. ఇంట్లో ఆ మొదటి రోజు ఎవరు ఎన్ని ఫొటోలు తీసి ఏం లాభం?

ఇక కాగితాల సంగతి. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాలకు ఫోరెన్సిక్ నిపుణుడు చోటుకు రావాలని, వీడియో తీయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షను అంటోంది. అమలుకు రాష్ట్రాలకు అయిదేళ్ల గడువు ఇచ్చారు. అంతదాకా నీకు పిలుపులు వస్తూనే ఉంటాయి. డిజిటల్ ఫొటో కోర్టులో నిలబడాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క చుక్క మారినా మారిపోతుంది. కాబట్టి నీ సొంత ఫోనుతో తియ్యకు, వాట్సాప్‌లో పంపకు. అది ఫైలును నలిపి చిన్నది చేస్తుంది. మసకగా వచ్చిందని ఒక్కటి కూడా చెరపకు. 41 తర్వాత 43 వస్తే 42 ఏమైందని అడుగుతారు. కెమెరాలో తేదీ, టైము ముందే చూసుకో. కొత్త కార్డు వాడు, అప్పగించినప్పుడు రాయించుకో.

డబ్బుల సంగతి అడగలేదు కానీ చెబుతాను. బిల్లు ఆ రోజే ఇవ్వు. తర్వాత ఎస్సై బదిలీ అవుతాడు.

ప్రశ్న: సార్, నేను న్యాయశాస్త్రం మూడో సంవత్సరం చదువుతున్నాను. ఫొటో అబద్ధం చెప్పదని మా ఇంట్లో అంటారు, చెబుతుందని మా లెక్చరర్ అంటారు. మీ అనుభవంలో?
— పాఠకురాలు, వనపర్తి

జవాబు: అమ్మా, ఫొటో నోరు లేనిది. అబద్ధమూ చెప్పదు, నిజమూ చెప్పదు. పక్కన నిలబడి దాని తరఫున మాట్లాడేవాడే ఏదైనా చెబుతాడు.

1858లో ఫెలీచే బియాటో అనే ఫొటోగ్రాఫర్ లక్నోకు వచ్చాడు. సికందర్ బాగ్‌లో మన సిపాయిలను ఇంగ్లీషు సైన్యం చంపి అప్పటికి నెలలు గడిచాయి. అయినా ఆయన తీసిన ఫొటోలో ముంగిట ఎముకలు చక్కగా పరిచి ఉంటాయి. ఫొటో కోసమే వాటిని తెచ్చి పరిచారని చరిత్రకారులు అంటారు. చంపింది నిజమే, ఎముకలు నిజమే, వాటిని పరచడం మాత్రం ఫొటో కోసం. అందుకే నేను తమ్ముడికి జేబుల్లో చేతులు పెట్టుకోమన్నాను.

నా కాలంలో అంతా నలుపు తెలుపు. రంగు రీలుకు ఖర్చు ఎక్కువ, కడగడానికి హైదరాబాదు పంపాలి, పంపితే ఆ ఫొటోలు ఎవరెవరి చేతుల్లో పడతాయో తెలియదు. ఓర్వో రీలు లేదా మన ఊటీ ఫ్యాక్టరీ ఇందు రీలు వేసి, నా డార్క్‌రూంలో నేనే కడిగేవాణ్ని. ఎర్ర బల్బు కింద ట్రేలో బ్రోమైడ్ కాగితం మీద ముఖం మెల్లగా తేలుతుంది చూడండి, పెళ్లికూతురిదైనా హతుడిదైనా ముందు తేలేది వెంట్రుకలే, కనుబొమలే. ఆ సంగతికి నేను ఎప్పటికీ అలవాటు పడలేదు.

నలుపు తెలుపులో నెత్తురు నల్లగా వస్తుంది. పాన్ ఉమ్ము కూడా నల్లగానే వస్తుంది. ఒక కేసులో అరుగు మీది మరకను చూపించి ఇది నెత్తురని ప్రాసిక్యూషన్, కాదు పాన్ మరకని డిఫెన్సు. నన్ను అడిగారు. ఫొటో తీసిన నాకు కళ్లారా తెలుసు. అది నెత్తురే, ఈగలు ముసిరి ఉన్నాయి. కానీ ప్రింటులో ఈగలు చుక్కల్లా కూడా రాలేదు. ‘ఫొటో చూసి చెప్పండి, గుర్తు చేసుకుని కాదు’ అన్నాడు వకీలు. ఫొటో చూసి చెప్పలేనని ఒప్పుకున్నాను. ఆనాటి నుంచి ప్రతి ఫ్రేముకూ నోటుపుస్తకంలో ఒక వరుస రాసుకున్నాను: ఏ మరక, ఏ రంగు, ఎంత దూరం, తడా పొడా.

మీకు పనికొచ్చే కేసు ఇంకొకటి. 1994లో అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ మాజీ భార్య, ఆమె స్నేహితుడు హత్యకు గురయ్యారు. వెనక గేటు మీద నెత్తురు మరకను పోలీసులు సేకరించింది జూలై 3న. హత్య మర్నాడు జూన్ 13న తీసిన ఫొటోలో ఆ మరక ఏదని డిఫెన్సు నిలదీసింది. అంటే పోలీసుల ఫొటోయే పోలీసుల మీద సాక్షి అయింది. జ్యూరీ ఆయన్ని వదిలేసింది. తర్వాత మృతుల కుటుంబాలు వేసిన సివిల్ దావాలో కథ తిరగబడింది. నెత్తుటిలో పడిన అడుగుజాడ బ్రూనో మాగ్లీ అనే ఖరీదైన బూటుదని అప్పటికే తేలింది. అలాంటి బూట్లు తనకు లేనే లేవని ఆయన ప్రమాణం చేసి చెప్పాడు. హత్యకు తొమ్మిది నెలల ముందు, 1993 సెప్టెంబరులో, ఆట మైదానంలో ఒక పత్రికా ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో బయటపడింది. కాళ్లకు అవే బూట్లు. ఆ ఫొటోగ్రాఫర్ ఆ రోజు హత్యను ఊహించాడా? మనలాగే పొట్టకూటి కోసం ఒక మనిషి నడుస్తుంటే తీశాడు. 1997లో జ్యూరీ హత్యలకు ఆయనే బాధ్యుడని చెప్పింది.

పొట్టకూటి ఫొటోలు అంటే గుర్తొచ్చింది. 1987 మే నెల. ఒక రైతు తన కూతుర్ని పెళ్లిచూపుల ఫొటోకు తెచ్చాడు. నా యాషికా కెమెరాలో రీలుకు పన్నెండు ఫొటోలు. వెనక నది, కొబ్బరిచెట్లు గీసిన తెర ముందు ఆ పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి నాలుగు తీశాను. జీపు వచ్చింది. రీలు మార్చే వ్యవధి లేదు. దేవరకొండ దారిలో ఒక బత్తాయి తోటకు తీసుకుపోయారు. మిగిలిన ఎనిమిదీ అక్కడ తీశాను. కత్తి మోటారు గదిలో, నీళ్ల తొట్టి వెనక.

మూడేళ్ల తర్వాత కోర్టులో వాదన ఏమిటంటే, కత్తిని పోలీసులు రెండు రోజుల తర్వాత తెచ్చి పెట్టి ఫొటో తీయించారని. ప్రింటు ఒక్కటే ఉంటే నేను ఏం చెప్పగలను? కానీ నెగెటివ్ స్ట్రిప్పు కత్తిరించకుండా అప్పగించాను. జడ్జి గారు వెలుతురుకు పట్టి చూశారు. ‘ఈ అమ్మాయి ఎవరు?’ అన్నారు. ఆమెకు ఇచ్చిన రసీదు కార్బన్ కాపీ నా పుస్తకంలో ఉంది, దాని మీద తేదీ ఉంది. నాలుగు ఫ్రేములు ఆమెవి, అయిదో ఫ్రేము నుంచి తోట, పదకొండో ఫ్రేము కత్తి. ఒకే రీలు, ఒకే రోజు. వకీలు కూర్చున్నాడు. ఆ పిల్ల పేరు మాత్రం బయటికి చదవవద్దని నేను బోనులోంచే చేతులు జోడించాను. ఊళ్లో పెళ్లి కావలసిన పిల్ల పేరు హత్య కేసులో వినబడితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. జడ్జి గారు తల ఊపి రసీదు నంబరు మాత్రం రాయించారు. నిందితుడికి శిక్ష పడింది. హైకోర్టులో ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు, సాక్షికి చెప్పే ఆచారం లేదు. బత్తా మాత్రం ఇచ్చారు, బస్సు చార్జీకి సరిపోయింది.

ప్రశ్న: అయ్యా, మా తమ్ముణ్ని భూమి తగాదాలో చంపారు. వాడు పడి ఉన్న ఫొటో మా ఊరి ఫోనుల్లో ఇప్పటికీ తిరుగుతోంది. ఏడాది గడిచింది. మా అమ్మకు ఎవరో పొరపాటున పంపారు. ఏం చేయాలో చెప్పండి.
— పాఠకురాలు, మిర్యాలగూడ ప్రాంతం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు రోజులు బల్ల మీదే ఉంది.

చేయవలసినవి ముందు చెబుతాను. పంపినవారి నంబరు, గ్రూపు పేరు, తేదీ కనబడేలా స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోండి. దాని ప్రింటుతో స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైం పోర్టల్‌లో ఇంటి నుంచే కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఫొటో పోలీసు ఫైలులోంచి బయటికి వచ్చిందని మీకు అనుమానం ఉంటే ఎస్పీ గారికి విడిగా రాయండి. అది ఎవరి కెమెరాలోదో కోణం చూస్తే తెలుస్తుంది. గెట్టు మీద నుంచి తీసిందయితే జనంలోది. పై నుంచి, స్కేలుతో ఉంటే మా బాపతుది. మీ తమ్ముడి కేసు ఇంకా విచారణలో ఉంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు కూడా చెప్పండి. ఊరి గ్రూపు నడిపే పిల్లలను మీ వైపు పెద్దమనిషి ఒకరు పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి చెరిపించడం, నిజం చెప్పాలంటే, వీటన్నిటికన్నా త్వరగా అవుతుంది.

మీ దగ్గర జరిగిందే చూడండి. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య పక్కన నడుస్తున్న యువకుణ్ని వెనక నుంచి నరికారు. సీసీ కెమెరాలో రికార్డయింది. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ దృశ్యం కోర్టు చూడవలసిందే, దాని చోటు అది. కానీ ఆ ఆరున్నరేళ్లలో దాన్ని చూసింది కోర్టు ఒక్కటేనా? టీ కొట్లో నా పక్కన కూర్చున్న ఆయన చాయ్ తాగుతూ నాకు చూపించబోయాడు. నేను గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చేశాను.

2019 నవంబరులో షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద దొరికిన అమ్మాయి విషయంలో పోలీసులు దిశ అనే పేరు పెట్టవలసి వచ్చింది, అప్పటికే అసలు పేరూ ఫొటోలూ ఊరంతా తిరిగాయి కనుక. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెడితే న్యాయసంహిత 72వ సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. చనిపోయిన బాధితురాలికి కూడా ఆ రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. అమెరికాలో ఒక అధికారి మృతదేహం ఫొటోలు బయటపెట్టాలని ఒక వకీలు కోర్టుకు ఎక్కితే, ఆ ఫొటోల విషయంలో బతికి ఉన్న కుటుంబానికి కూడా గోప్యత హక్కు ఉందని 2004లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. మీ అమ్మగారి బాధకు చట్టంలో ఎక్కడో ఒక పేరు ఉందని చెప్పడానికి ఇది రాశాను.

అమ్మగారి ఫోనులో మీ తమ్ముడి మంచి ఫొటో లేకపోతే ఏ ఆధార్ కార్డు ఫొటో అయినా, ఏ పెళ్లి గుంపులో మూలన ఉన్న ముఖమైనా నాకు పంపండి. పెద్దది చేసి, ఫ్రేము కట్టించి పంపిస్తాను. డబ్బు వద్దు.

ప్రశ్న: చనిపోయిన ఫొటోగ్రాఫర్ కెమెరాయే హంతకులను పట్టించిందని విన్నాను. నిజమేనా?
— పాఠకుడు, గద్వాల

జవాబు: నిజమే. 1991 మే 21, శ్రీపెరుంబుదూరు. రాజీవ్ గాంధీని చంపిన బాంబుతోనే హరిబాబు అనే ఫొటోగ్రాఫర్ కూడా చనిపోయాడు, కెమెరా మాత్రం బతికింది. అందులో పది ఫొటోలు. దండ పట్టుకొని ఎదురుచూస్తున్న మానవబాంబు ధను, విలేకరిలా నోటుపుస్తకంతో నిలబడ్డ, కుట్రను నడిపించిన శివరాసన్ వాటిలోనే దొరికారు. హరిబాబు ఆ కుట్రలోని మనుషులు తెచ్చుకున్న ఫొటోగ్రాఫరేనని దర్యాప్తులో తేలింది. తమ రుజువులను తామే తీయించుకున్నారన్నమాట. ఫొటో మోజు అలాంటిది.

ప్రశ్న: మీకు భయం వేసేది కాదా? ఇంటికి వెళ్లాక అన్నం ఎలా తినేవారు?
— పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: కెమెరా కంటికి ఉన్నంతసేపు భయం లేదు. యాషికాలో పై నుంచి కిందికి చూస్తాం, అద్దంలో బొమ్మ కుడి ఎడమలు మారి, అరచేయంత చిన్నగా కనబడుతుంది. అది ఎవరిదో బొమ్మ. కెమెరా మూసి తల ఎత్తినప్పుడే అది మనిషి. మా ఆవిడ వాకిట్లో నీళ్ల బకెట్టు పెట్టి ఉంచేది, ఏమీ అడిగేది కాదు. ఆ రాత్రి జొన్నరొట్టె, పచ్చి పులుసు. మాంసం మాత్రం రెండు మూడు రోజులు వండేది కాదు.

ప్రశ్న: ఆ నెగెటివ్‌లు ఇంకా మీ దగ్గర ఉన్నాయా? పుస్తకంగా వేస్తే చరిత్రకు పనికొస్తాయి కదా.
— పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: లేవు. రీలు కడిగిన రోజే నెగెటివ్‌లూ ప్రింట్లూ స్టేషనులో అప్పగించి సంతకం తీసుకునేవాణ్ని. ఉన్నా ఇవ్వను. అమెరికాలో 1892లో లిజీ బోర్డెన్ తండ్రి సోఫా మీద పడి ఉన్న ఫొటో ఉంది, గొడ్డలి దెబ్బలతో. ఆయన్ని చంపిందని కేసు పెట్టిన లిజీని నిర్దోషి అని వదిలేశారు. ఆయన తల కింద మడిచి పెట్టిన కోటు గురించి జనం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ ఇంట్లో ఇప్పుడు అద్దెకు గదులు ఇస్తారు, ఆ ఫొటోలు చూసి వచ్చినవాళ్లు అక్కడ రాత్రి పడుకుంటారు. మన బత్తాయి తోటలో పడినవాడికి మనుమలు ఉన్నారు, సంతలో నాకు ఎదురవుతారు.

ఇవ్వలేకపోయినందుకు నాకు బాధగా ఉన్న నెగెటివ్‌లు నాలుగే. ఆ రైతు మరో సంబంధం కోసం కూతురి ఫొటోలు ఇంకో మూడు కాపీలు కావాలని వచ్చాడు. నెగెటివ్ కనబడటం లేదని మొదటిసారి అబద్ధం చెప్పాను. రెండోసారి వచ్చినప్పుడు నిజం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నా దగ్గర మిగిలిన ఒక ప్రింటును మళ్లీ ఫొటో తీసి కాపీలు చేసి ఇస్తానన్నాను. తీసుకున్నాడు, డబ్బు బల్ల మీద పెట్టాడు, మళ్లీ నా స్టూడియోకు రాలేదు.

ఆ నాలుగింటిలో మూడే అతనికి ఇచ్చాను. నాలుగోదానికి ప్రింటు వేయలేదు. జీపు హారను విని ఆ పిల్ల తల తలుపు వైపు తిప్పింది, జడ కదిలి మసకబారింది, పెళ్లిచూపులకు పనికిరాదు. ఆ పక్క ఫ్రేములోనే తోట మొదలవుతుంది.